షుగరూ, అలర్జీ రెండూ ఉన్న పాపతో బోటు ప్రయాణం: పాపికొండలా, దిండి హౌస్‌బోటా, సముద్రం మీద ఓడా?

మా పాపకి తొమ్మిదేళ్లు. ఐదో ఏట టైప్ 1 డయాబెటిస్ బయటపడింది. అప్పటినుంచి రోజుకి నాలుగుసార్లు ఇన్సులిన్. దానికి తోడు జీడిపప్పు, వేరుశనగ పడవు. ఒకసారి చిన్న జీడిపప్పు పాకం ముక్క నోట్లో వేసుకుంటే పది నిమిషాల్లో పెదాలు వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరి అందక అల్లాడిపోయింది. కానీ గోదావరి గట్టున పుట్టిన పిల్ల కదా, పడవ ఎక్కుతానని అడగకుండా ఎలా ఉంటుంది?

"వదినా, ఈ కార్తీకంలో అందరం పాపికొండలు వెళ్దాం. లేదా కోనసీమలోని దిండిలో హౌస్‌బోటు తీసుకుందాం. అదీ కాదంటే పెద్ద ఓడలో నాలుగు రోజులు" అని మా ఆడపడుచు అడుగుతోంది. మొదటి రెండూ మేం చూసినవే. ఓడ మాత్రం ఎక్కలేదు, వివరాలు కనుక్కుని లెక్క వేసుకున్నాం.

ముందు అసలు చిక్కు ఎక్కడుందో చెప్పాలి. షుగర్ ఒక్కటే అయితే, అన్నం ఆలస్యమైనా పక్కవాళ్లిచ్చిన బిస్కెట్టో అరటిపండో పెట్టి నెట్టుకురావచ్చు. అలర్జీ ఒక్కటే అయితే, అనుమానం వచ్చిన పూట తినకుండా ఉండొచ్చు. రెండూ ఉన్నప్పుడు ఆ రెండు దారులూ మూసుకుపోతాయి. ఇన్సులిన్ వేశాక తినకుండా ఉండకూడదు, అలాగని ఎవరేది ఇస్తే అది తినకూడదు. తిన్నది పడక వాంతి చేసుకుంటే ఇంకా ప్రమాదం. ఒంట్లో ఇన్సులిన్ పనిచేస్తూనే ఉంటుంది, కడుపులో మాత్రం ఏమీ ఉండదు. అందుకే నేను ఏ ప్రయాణాన్నైనా ఒక్క ప్రశ్నతో కొలుస్తాను: ఇన్సులిన్ వేసిన పావుగంటలో, మా పాప నిశ్చింతగా తినగలిగే అన్నం కంచంలోకి వస్తుందా?

పాపికొండల్లో మాకు దెబ్బ తగిలింది ఈ ప్రశ్న దగ్గరే. పొద్దున్నే బయలుదేరి గండిపోచమ్మ గుడి దగ్గర లాంచీ ఎక్కాం. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా భోజనం అన్నారు. ఆ మాట నమ్మి పన్నెండు ముప్పావుకి ఇన్సులిన్ వేసేశాను. పేరంటపల్లి గుడికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చేసరికి ఆలస్యమై, వడ్డన రెండుంపావుకి మొదలైంది. వడ్డించిన పులిహోరలో వేరుశనగ గుళ్లున్నాయి. వాటిని ఏరేసి పెడతామన్నారు, పాపం మంచి మనసుతోనే. ఏరేస్తే సరిపోదని వాళ్లకి తెలియదు. అప్పటికే పిల్లకి చెమటలు పట్టి, మాట ముద్దగా వస్తోంది. మీటర్లో షుగర్ 62. డెబ్బై కంటే తగ్గితే లో (షుగర్ పడిపోవడం) అయినట్టే. మా డాక్టరుగారు పాప బరువుకి చెప్పిన లెక్క ప్రకారం గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ చూస్తే 88. ఆ పావుగంట నాకు కొండలూ కనపడలేదు, గోదారీ కనపడలేదు.

ఆ లాంచీ వాళ్లని తప్పుబట్టి లాభం లేదు. అంతమందికి వండి పెట్టేచోట ఒక్క పిల్ల కోసం గడియారం ఆగదు. మళ్లీ వెళ్లాల్సి వస్తే క్యారేజీలో మా అన్నం, మా పప్పు, మా పెరుగు పట్టుకెళ్తాం, కంచంలో అన్నం పెట్టాకే ఇన్సులిన్ పెన్ను తీస్తాం. అలా చేస్తే తిండి బాధ చాలావరకు తీరుతుంది. తీరనిది ఇంకోటుంది. కొండల మధ్యకి వెళ్లాక ఫోను సిగ్నల్ ఉండదు, ఒడ్డున రోడ్డూ ఉండదు. అలర్జీ గట్టిగా వస్తే తొడ బయటి వైపు కండలో అడ్రినలిన్ ఇంజెక్షన్ వెయ్యాలి. దద్దుర్లకి వాడే సిట్రిజిన్ మాత్ర దానికి బదులు కాదు. అడ్రినలిన్ వేసి ఊరుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి, ఎందుకంటే కొన్ని గంటల తర్వాత రియాక్షన్ మళ్లీ తిరగబెట్టొచ్చు. అక్కడినుంచి ఆసుపత్రి అంటే లాంచీ వెనక్కి తిరిగి రేవు చేరేదాకా దేవుడి మీద భారమే.

ఇంకో సంగతి. పాప ఒంటికి అంటించిన షుగర్ సెన్సార్, షుగర్ పడిపోతే ఫోన్లో అలారం మోగిస్తుంది. పాటలూ డాన్సుల హోరులో అది వినపడలేదు. ఇలాంటి ప్రయాణంలో ఫోను వైబ్రేషన్‌లో పెట్టి ఒంటికి ఆనించుకోవాలి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిన ఘోరం ఈ జిల్లాల్లో ఎవరూ మర్చిపోలేదు. లైఫ్ జాకెట్ ఎంత ఎండగా ఉన్నా తీయకూడదు. మందుల సంచీ నీళ్లు దూరనిదై, పెద్దవాళ్ల నడుముకే ఉండాలి, సామాన్ల గుట్టలో కాదు.

దిండి సంగతి వేరు. మేం వెళ్లిన హౌస్‌బోటులో వంటమనిషి ఒక్కడే, వంటగది మా గదికి నాలుగడుగుల దూరం. ఎక్కగానే వెళ్లి, "తమ్ముడూ, మా పాపకి జీడిపప్పు, వేరుశనగ పొడి తగిలినా ప్రాణం మీదకి వస్తుంది" అని నెమ్మదిగా చెప్పాను. "మరి గ్రేవీలో జీడిపప్పు ముద్ద వేస్తామమ్మా, మానేస్తాను" అన్నాడు. నేను అడగకపోతే ఆ ముద్ద సంగతి నాకు తెలిసేదే కాదు. అక్కడికి దగ్గర్లోనే మోరి, జీడిపప్పుకి పేరున్న ఊరు. ఆ చుట్టుపక్కల ఉప్మాలోనూ, స్వీటులోనూ, చివరికి రొయ్యల కూరలోనూ జీడిపప్పు పడుతుంది. మేం ఇంటినుంచి ఒక మూకుడు, గరిటె, నూనె సీసా తీసుకెళ్లాం. ముందు పాపకి వండి, తర్వాత మిగతావాళ్లకి వండాడు. అన్నం వార్చాడని చూశాకే సూది. ఒక్క పూట కూడా టెన్షన్ పడలేదు.

వశిష్ఠ గోదావరి మీద తిరిగినంతసేపూ ఫోను పలికింది. రాత్రికి బోటు రేవులో కట్టేశారు. చించినాడ వంతెన మీదుగా పోయే 216 హైవే అక్కడికి దగ్గరే. రాజోలు, పాలకొల్లు అర్ధరాత్రైనా కారులో చేరగలిగేంత దూరంలో ఉన్నాయి. రాత్రి మూడింటికి లేచి షుగర్ చూసినప్పుడు ఒడ్డున లైట్లు కనపడుతుంటే నాకెంత ధైర్యంగా ఉందో చెప్పలేను.

లోటు లేకపోలేదు. ఖర్చు ఎక్కువ. రోజంతా కూర్చోవడమే కాబట్టి, పరిగెత్తే పిల్లకి షుగర్ పైకి పోతుంది. మా పాపకి సాయంత్రం 280 దాటింది, కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు ఒంట్లో పేరుకునే ఆమ్లాలు) చూసుకుని ఇన్సులిన్ మోతాదు సరిచేశాం. కొబ్బరిబోండాలు వరసగా వస్తుంటాయి, ఆ నీళ్లలోనూ చక్కెర ఉంటుంది, లెక్క కట్టాల్సిందే. అలాగని లో అయినప్పుడు కొబ్బరినీళ్లని నమ్ముకోకూడదు, గ్లూకోజ్ అంత చురుగ్గా పనిచెయ్యవు. ఆత్రేయపురం పూతరేకుల పెట్టె విప్పితే, అందులో జీడిపప్పు ఉంటుందేమోనని పాపని పై డెక్ మీదకి తీసుకెళ్లేవాళ్లం.

పెద్ద ఓడకి కొన్ని మంచి గుణాలున్నాయి, కాదనను. డాక్టరు ఉంటారు, ఇన్సులిన్ పెట్టుకోవడానికి ఫ్రిజ్ అడగొచ్చు, అలర్జీ సంగతి ముందే రాసివ్వచ్చు. కానీ బఫేలో ఒక గిన్నె గరిటె ఇంకో గిన్నెలోకి పోకుండా ఎవరు కాపలా కాస్తారు? పైగా సముద్రం మధ్యలో పిల్లల ఐసీయూ ఉండదు. వెళ్లేవాళ్లు మాత్రం ఇన్సులిన్, అడ్రినలిన్ చేతిసంచీలోనే ఉంచుకోవాలి. పెద్ద సూట్‌కేసులు రేవులో తీసుకుని, గదికి చేర్చేసరికి గంటలు పడుతుంది.

అందుకని మా ఆడపడుచుకి దిండి అనే చెప్పాను. పాప పెద్దదై, "ఇందులో ఏం వేశారు?" అని తనే నిలబెట్టి అడిగే రోజు వచ్చాక ఓడ సంగతి చూద్దాం. పాపికొండలకి మాత్రం క్యారేజీతో, అదీ ఇద్దరు పెద్దవాళ్లు అడ్రినలిన్ ఇంజెక్షన్ వెయ్యడం నేర్చుకున్నాకే. మా ఆయనకి డాక్టరుగారు వట్టి సిరంజితో నేర్పించారు. ఈసారి నేర్చుకోవడానికి మా ఆడపడుచుని కూడా డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఇన్సులిన్, స్ట్రిప్పులు, సూదులు రెండేసి రెట్లు సర్ది, రెండు సంచుల్లో పెట్టి, ఒకటి ఆవిడ చేతికిస్తాను. వరద తగ్గి నీళ్లు తేటపడగానే తారీఖు ఖాయం చేస్తాం.