నడక పెంచుకుంటూ పోవాలా, నాడి చూసి ఆపుకోవాలా?

"రోజూ వాకింగ్ చెయ్యి, పెయ్యి తేలికైతది, తలకాయ కూడా మంచిగ పనిచేస్తది" అని వరంగల్ భద్రకాళి బండ్ మీద ఎవరిని అడిగినా చెప్తారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల విషయంలో అది నిజమే. క్రానిక్ ఫెటీగ్ (ఎంత పడుకున్నా తీరని దీర్ఘకాల అలసట జబ్బు) ఉన్నవాళ్లు అదే పనిగా అడిగేది మాత్రం ఇది: తల మొద్దుబారడం తగ్గాలంటే నడక వారం వారం పెంచాలా, ఉన్న ఓపికలోనే ఆగాలా?

పెంచుకుంటూ పోయేది గ్రేడెడ్ ఎక్సర్‌సైజ్. ముందే లెక్క రాసుకుని, అలసట వచ్చినా దాని ప్రకారమే పెంచడం. దీనికి బలమిచ్చింది బ్రిటన్‌లో 641 మందితో చేసిన పేస్ ట్రయల్ (2011). ఏడాది తర్వాత ఈ పద్ధతిలో ఉన్నవాళ్లు ఆరు నిమిషాల్లో సగటున 379 మీటర్లు నడిచారు, మామూలు వైద్యం ఒక్కటే తీసుకున్నవాళ్లు 348. తేడా 31 మీటర్లు. పైగా అందులో ప్రధాన కొలతలు రోగులు తామే చెప్పిన అలసట, శారీరక సామర్థ్యం. వాటిలో తలకాయ పనితీరును విడిగా కొలవలేదు. 2021 అక్టోబరులో బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ ఈ పద్ధతిని ఇవ్వొద్దని మార్గదర్శకాల్లోనే రాసింది.

రెండోది పేసింగ్, అంటే ఉన్న ఓపికలోనే ఆగడం. పొద్దున మంచం దిగకముందే ఏడు రోజులు నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో చూసి సగటు తీయాలి. దానికి 15 కలిపితే అదే హద్దు. సగటు 72 అయితే 87. అది దాటగానే కూర్చోవాలి, తగ్గాకే లేవాలి. చాలామందికి మెట్లెక్కినా హద్దు దాటుతుంది, అందుకే మొదట్లో రెండు మూడు నిమిషాల నడక చాలు. బండ్ మీద సగం దూరం పోయాక ఓపిక అయిపోతే వెనక్కి రావడమే కష్టం. ఇంటి ముందు, కుర్చీ దగ్గరుండేలా తిరగడం మేలు. మే నెలలో ఎండకే నాడి పెరుగుతుంది, కాబట్టి పొద్దున అయిదున్నరకల్లా ముగించాలి. నాడి వేగం తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లకు ఈ అంకె పనికిరాదు. పేసింగ్‌లోనూ ఒక లోపముంది: బాగున్న రోజున పేరుకుపోయిన పనులన్నీ మీదేసుకుంటారు, తర్వాత మూడు రోజులు మంచమే.

ఏది మేలో తేల్చేది నడిచిన రోజు కాదు, ఆ తర్వాతి రెండు రోజులు. ఈ జబ్బులో దెబ్బ 12 నుంచి 48 గంటలు ఆలస్యంగా కనబడుతుంది. సోమవారం హాయిగా నడిచిన మనిషే బుధవారం కిరాణా కొట్లో 500 ఇచ్చి, 340 పోగా ఎంత రావాలో తేల్చుకోలేక నిలబడిపోతాడు. అప్పుడు సోమవారం నడక ఎవరికీ గుర్తురాదు.

అందుకే తల ఎంత చురుగ్గా ఉందో కొలవాలి. బడిపిల్లల 30 సెంటీమీటర్ల స్కేలు చాలు. ఇంట్లో ఒకరు దాన్ని నిలువుగా పట్టుకుని, సున్నా మీ వేళ్ల మధ్యకు వచ్చేలా ఉంచి, చెప్పకుండా వదలాలి. పట్టుకున్న చోట అంకె రాయాలి. అయిదుసార్లు చేసి, మరీ తక్కువది, మరీ ఎక్కువది తీసేసి మిగిలిన మూడింటి సగటు తీయాలి. 20 సెంటీమీటర్లంటే పట్టుకోవడానికి సుమారు 0.20 సెకను పట్టినట్టు, 25 అంటే 0.23. నడకకు ముందు, మర్నాడు, మూడోనాడు ఒకే గంటలో చూడాలి. ఇది రోగనిర్ధారణ పరీక్షేమీ కాదు, మీ అంకెను మీ పాత అంకెతోనే పోల్చుకోవాలి. నాలుగైదు సెంటీమీటర్లు పెరిగి మూడోనాటికీ దిగకపోతే నడక సగానికి తగ్గించాలి. ఈ లెక్క రాసుకుంటే గ్రేడెడ్ పద్ధతిలోని అసలు లోటు తెలిసిపోతుంది: అందులో మూడోనాటి మాట వినే వీలే లేదు.

నిలబడితేనే తల తిరిగేవాళ్లు నడక కంటే ముందు పడుకుని చేసేవి చూసుకోవాలి. పాదాలు ముందుకూ వెనక్కూ ఆడించడం, ఒక్కో మోకాలు మడిచి చాపడం, అయిదేసి సార్లు. 2020లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఈ జబ్బున్నవాళ్లను టిల్ట్ టేబుల్ (పడుకోబెట్టి మెల్లగా నిలువుగా లేపే బల్ల) మీద లేపి చూస్తే మెదడుకు పోయే రక్తం సగటున 26 శాతం తగ్గింది. ఆరోగ్యవంతుల్లో 7 శాతమే.

యోగా అంటే శవాసనం, నెమ్మదిగా ఊపిరి తీయడం వరకు ఫర్వాలేదు, సూర్యనమస్కారాలు వద్దు. జిమ్ మాటే ఎత్తొద్దు. ఫోన్లో మెదడు ఆటలు కూడా ఓపిక ఖర్చే, నడిచిన రోజు వాటిని ముట్టుకోవద్దు.