పాత బోటుకి కొత్త ప్రొపెల్లర్: అల్యూమినియమా, స్టీలా, ఉన్నదాన్నే బాగుచేయించాలా?

మా ఫైబర్ బోటుకి ఇరవై రెండేళ్లు. వెనక నలభై హార్స్‌పవర్ టూ స్ట్రోక్ అవుట్‌బోర్డు ఇంజను. లంకలో మాకు కొబ్బరితోట ఉంది. దింపుకి మనుషుల్ని తీసుకెళ్లడం, తిరుగుదారిలో కాయల బస్తాలు మోసుకురావడం, పండక్కి చుట్టాల్ని తిప్పడం దాని పని. వరద తీశాక గోదావరి గౌతమి పాయలో వస్తుంటే ఒండ్రులో కూరుకున్న చెట్టు మొద్దు తగిలింది. నీళ్లని వెనక్కి తోసి బోటుని నడిపే ప్రొపెల్లర్‌కున్న మూడు రెక్కల్లో ఒకటి వంగిపోయింది, ఇంకోదాని అంచు బొటనవేలంత ఊడింది.

మెకానిక్కు చూసి, “ఈసారి స్టీలుది ఏయించేద్దారండీ, జన్మకి సరిపోద్ది” అన్నాడు. అక్కడే నాకు అనుమానం మొదలైంది. ప్రొపెల్లర్ జన్మంతా ఉంటుంది సరే, దాని వెనకున్నవి ఉంటాయా?

స్టీలు పక్షాన చెప్పాల్సింది చాలానే ఉంది. మన నదిలో అడుగున రాళ్లకంటే ఇసుక ఎక్కువ. ధవళేశ్వరం దిగువన ఎండాకాలం ఇసుక మేటలు బయటపడ్డప్పుడు మోకాలు లోతు నీళ్లలో ఇంజను ఎత్తి, దించి నడుపుతాం కదా, ఆ ఇసుక అల్యూమినియం అంచుల్ని ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. స్టీలు అంత తొందరగా అరగదు. పైగా స్టీలు గట్టిది కాబట్టి రెక్కను పల్చగా పోస్తారు, బరువు మీదా ఆకారం చెడదు, నీటిని బాగా కోస్తుంది. ధర మాత్రం అల్యూమినియం దానికి రెండు మూడు రెట్లు.

ఇసుక నెమ్మదిగా తింటుంది, మొద్దు ఒక్క దెబ్బతో తేలుస్తుంది. అల్యూమినియం రెక్క వంగి ఆ దెబ్బను తన మీదే వేసుకుంటుంది. స్టీలు రెక్క అంత తేలిగ్గా వంగదు గనక దెబ్బ షాఫ్టుకీ (ప్రొపెల్లర్ని తిప్పే ఇరుసుకి), గేర్లకీ పోతుంది. స్టీలువాళ్లు దీనికి జవాబుగా, ప్రొపెల్లర్ లోపల, షాఫ్టుకీ రెక్కలకీ మధ్య రబ్బరు బుష్ ఉంటుందిగా, గట్టిగా తగిలితే అది జారి గేర్లను కాపాడుతుంది అంటారు. అబద్ధం కాదు. కానీ మా షాఫ్టు ఇరవై రెండేళ్లది. ఒక చిన్న వంపు వస్తే, షాఫ్టు చుట్టూ నీళ్లు లోపలికి రాకుండా ఆపే ఆయిల్ సీలుని తినేసి, గేర్‌బాక్సులోకి నీళ్లు పోతాయి. కొత్త ఇంజనుకైతే స్టీలుకే ఓటు వేసేవాణ్ణేమో. పాతదానికి వెయ్యను.

ఇంకొకటి, ఉప్పునీరు. యానాం కిందా, అంతర్వేది వైపూ ఎండాకాలం నీరు ఉప్పగా ఉంటుంది. స్టీలు ప్రొపెల్లర్ని అల్యూమినియం ఇంజను కాలికి (నీళ్లలో మునిగుండే కింది భాగానికి) తగిలిస్తే, ఆ నీళ్లలో రెండు లోహాల మధ్య కరెంటు నడిచి అల్యూమినియం తినుకుపోతుంది. దానికి అడ్డుగా ఉండే జింకు ముక్క తొందరగా కరిగిపోతుంది. సగం కరిగినప్పుడే మార్చాలి. రంగు వేసేటప్పుడు జింకు మీద కూడా పూసేసేవాళ్లని చూశాను. పూస్తే అది ఉన్నా లేనట్టే.

లోహం గురించి ఇంత మాట్లాడుకుని, అసలు కొలతని చాలామంది వదిలేస్తారు. ప్రొపెల్లర్ మీద రెండు అంకెలుంటాయి. మొదటిది వ్యాసం, రెండోది పిచ్, రెండూ అంగుళాల్లో. పిచ్ అంటే, మెత్తటి చెక్కలోకి మర దిగినట్టు ఒక్క చుట్టుకి ఎంత ముందుకు పోవాలో ఆ లెక్క. నీళ్లలో కొంత జారుతుంది కాబట్టి అంత పోదు. మాది పిచ్ 13. బస్తాలు వేసి ఫుల్ థ్రాటిల్ ఇస్తే ఇంజను నిమిషానికి 4,600 చుట్లు మించట్లేదు. మా ఇంజను పుస్తకంలో రాసింది 4,500 నుంచి 5,500. అంటే అడుగంచున ఈడుస్తోంది. వయసు మీదపడి కంప్రెషన్ తగ్గిన ఇంజనుకి ఇది గుండె మీద బరువు. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయి. అందుకని 11 పిచ్ అడిగాను. ఖాళీ బోటుతో పరుగు కాస్త తగ్గుతుంది. కాయల బస్తాలకి పరుగెందుకు?

ఒక షరతు. మీరెప్పుడూ మోసే బరువు వేసుకునే కొలవండి. ఖాళీగా కొలిచి పిచ్ ఎంచుకున్నవాడు బరువేసిన రోజు ఇరుక్కుంటాడు. పిచ్ మరీ తగ్గించి ఖాళీగా ఫుల్ ఇస్తే, చుట్లు హద్దు దాటి ఇంజను పాడవుతుంది.

నాలుగు రెక్కలదా? తక్కువ వేగంలో పట్టు బాగుంటుంది, అదురు తగ్గుతుంది, పంటు రేవులో మలుపులు తిప్పుకోడానికి హాయి. నాకు మూడు చాలు. ప్లాస్టిక్‌వి వాడలేదు, చెప్పను. లోపలి డీజిల్ ఇంజనున్న పడవలది వేరే కథ. వాటికి ఇత్తడి జాతి ప్రొపెల్లర్లుంటాయి. ఉప్పునీటిలో అందులోని జింకు పోయి రెక్క మీద గులాబీ రంగు మచ్చలొస్తే, సుత్తితో తట్టినప్పుడు ఖంగుమనకుండా మొద్దుగా మోగితే, దాన్ని వెల్డింగుకి ఇవ్వకండి.

పాతదాన్ని బాగుచేయించడం మాత్రం నాకు నచ్చిన దారే, అయితే స్పేర్‌గా. ఆర్గాన్ వెల్డింగుతో అంచు నింపుతారు. వేడి తగిలిన చోట అల్యూమినియం మెత్తబడుతుంది, బ్యాలెన్సు మునుపటిలా రాకపోవచ్చు. ఇంటికి చేరడానికి అది చాలు. ఇచ్చేముందు రబ్బరు బుష్ చూసుకోండి. బుష్ మీదా, రెక్కలున్న బయటి గొట్టం మీదా కలిపి ఒక పెయింటు గీత గీసి బోటు నడపండి. గీత రెండు ముక్కలై పక్కకి జరిగితే బుష్ జారుతున్నట్టే, రెక్కలు ఎంత బాగున్నా దండగ.

విప్పే ముందు స్పార్క్ ప్లగ్గుల వైర్లు తీసేశాను. రెక్కకీ, పైనున్న పలకకీ మధ్య చెక్కముక్క ఇరికించి నట్టు తిప్పాను. వాషరు తీస్తే దాని వెనక నైలాన్ వల దారం, షాఫ్టు చుట్టూ గట్టి ఉంగరంలా చుట్టుకుని ఉంది. చాకుతో కోసి తీశాను. అది సీలుని కోసేసిందేమోనని గేర్ ఆయిల్ కొద్దిగా దించి చూస్తే పాలు కలిపిన టీ రంగు. నీళ్లు అప్పటికే వెళ్లిపోయాయి. స్టీలు, అల్యూమినియం అని రెండు వారాలు తర్జనభర్జన పడ్డాను గానీ, ముందు మార్చింది ఆయిల్ సీలు. దాని తరవాతే 11 పిచ్ అల్యూమినియం ఎక్కింది.