డిక్కీలో సామాను వేయాలంటే ట్రే మేలా, ఫుల్ కవర్ మేలా, పాత దుప్పటి చాలా?

కొత్తగా ఎస్‌యూవీ తీసుకున్నవాళ్ళు అడిగేది ఎప్పుడూ ఇదే. డిక్కీలోకి ట్రే కొనాలా, పక్క గోడలు కూడా కప్పే కాన్వాస్ కవర్ కొనాలా, లేక ఇంట్లో ఉన్న దుప్పటి పరిస్తే సరిపోతుందా అని. మూడూ వాడి చూశాను కాబట్టి చెప్తా గానీ ముందు మీరొకటి చెప్పండి, వెనక సీట్లు మడిచి సామాను వేస్తారా, వేయరా? నా లెక్కలో తేడా అంతా అక్కడే ఉంది.

ట్రే మంచిదే, కాదనను. చుట్టూ అంచు లేచి ఉంటుంది కాబట్టి మొక్కల కుండీ కారినా, నూనె డబ్బా ఒలికినా అంతా అందులోనే ఆగిపోతుంది, బయటికి తీసి పైపుతో కడిగేస్తే పని అయిపోయింది. కార్పెట్ తడిస్తే మాత్రం తలనొప్పే, స్టెప్నీ డిక్కీ లోపలే ఉండే బండ్లలో నీళ్ళు మెల్లగా ఆ గుంటలోకి దిగి కూర్చుంటాయి, వాసనొచ్చేదాకా మనకి తెలీదు. కొనేటప్పుడు టీపీఈ రకం, అంటే రబ్బరులా వంగే ప్లాస్టిక్‌ది చూసుకోండి, చవక పీవీసీ చలికి బిగుసుకుపోతుంది. పైన గరుకుగా ఉండాలి, నున్నటిదైతే ప్రతి మలుపులోనూ పెట్టెలు ఈ చివర్నుంచి ఆ చివరికి జారుతూనే ఉంటాయి.

కానీ ట్రే సీటు దగ్గర ఆగిపోతుంది కదా. సీట్లు మడిచారంటే సామాను సగం దాకా సీటు వీపు మీదే ఉంటుంది, అక్కడ ఏ రక్షణా లేదు. పక్కల సంగతి అసలే లేదు. మొన్న ఒక చెక్క టేబుల్ తెచ్చాను, ట్రే ఉందిగా అని ధీమాగా లోపలికి తోస్తే దాని కాలు చక్రం పైనుండే ప్లాస్టిక్‌ని ఈ మూల నుంచి ఆ మూలకి గీసుకుంటూ పోయింది, కింద మాత్రం ఒక్క మరక పడితే ఒట్టు! అప్పుడు తెలిసొచ్చింది, కార్పెట్ మీద మరకైతే షాంపూతో ఎంతో కొంత పోతుంది, గరుకు ప్లాస్టిక్ మీద గీత పోదు, రుద్ది పాలిష్ చేద్దామంటే ఆ చోటే ఇంకా మెరుస్తూ కనబడుతుంది. మనం కిందంతా కాపాడుకుంటాం, దెబ్బ తగిలేది పక్కలకి.

అందుకే ఇప్పుడు కాన్వాస్ కవర్ వేశా. నేల, రెండు పక్కలు, సీట్ల వీపులు అన్నీ కప్పుతుంది, కొన్నింటికి బంపర్ మీదికి వేసుకునే నాలుక కూడా ఉంటుంది, బరువైన పెట్టెని ఎత్తలేక అంచు మీద ఆనించి తోసేది అందరం చేసేదే కాబట్టి అది ఉన్నదే తీసుకోండి. వెనక సీటు 60:40గా, అంటే రెండు భాగాలుగా విడివిడిగా మడిచే బండైతే కవర్‌కి కూడా అక్కడ జిప్పు ఉండాలి. తాడు కట్టే కొక్కేలకి కన్నాలు ఉన్నాయో లేవో చూడండి, అవి మూసుకుపోతే సామాను కట్టలేం, కట్టని సామాను ముందు ఏ కవరైనా దండగే. లోపాలూ ఉన్నాయి, బిగించడానికి ఓపిక కావాలి, కుట్ల దగ్గర నీళ్ళు దిగుతాయి. తడి సామాను ఉన్నరోజు దాని మీదే ట్రే పరుస్తున్నా.

దుప్పటి పరిస్తే ముడతలు పడి జారిపోతుంది, టార్పాలిన్ ఇంకా జారుడు. కానీ అదే దుప్పటిని బండికి కాకుండా సామానుకి చుట్టి చూడండి, టేబుల్ కాళ్ళకీ మంచం మూలలకీ చుట్టి తాడు కడితే ఎంత బాగా పనిచేస్తుందో, నేను ఆ రోజు ఈ పని చేసుంటే గీతే పడేది కాదు. డిక్కీలో ప్లైవుడ్ ముక్క పరచడం రోజూ బరువులు మోసేవాళ్ళకి సరే, మనకెందుకు.

సీట్లు ఎప్పుడూ మడవని వాళ్ళు, కూరగాయలూ బ్యాగులూ వేసుకునేవాళ్ళు హాయిగా ట్రే తీసుకోండి, కవర్ దండగ.

ఇంకోటి, ఏ కవరూ కాపాడనిది వెనక అద్దం. దాని లోపలివైపు సన్నటి గీతలుంటాయే, మంచు పోగొట్టేవి, పొడుగాటి సామాను రాసుకుని ఒక గీత తెగితే ఆ గీత మేర ఇక అద్దం వేడెక్కదు. డోర్ వేసేముందు లోపల చెయ్యి పెట్టి ఎంత సందు ఉందో చూడండి, డోర్‌తో సామాన్ని లోపలికి నొక్కొద్దు.