బరువు తగ్గే ఇంజెక్షన్ వాడుతూ స్మార్ట్ వెయింగ్ మెషిన్ కొనేవారికి జాగ్రత్త

మౌంజారో, వెగోవీ వంటి వారపు ఇంజెక్షన్లు వాడుతూ ఇంట్లోనే బరువు రాసుకుంటున్న హైదరాబాద్ వాసులు, యాప్‌తో పనిచేసే చవక వెయింగ్ మెషిన్ కొనేముందు ఈ సంగతి గమనించాలని మనవి. కోఠిలోని ఒక సర్జికల్ సామాన్ల దుకాణంలో మేము కొన్న మెషిన్, ఈ ఇంజెక్షన్ వాడుతున్న నా భార్య ఏ ఉదయం ఎక్కినా, పాయింటు తరువాతి అంకెతో సహా అదే బరువు చూపుతూ వచ్చింది. మనిషి బరువు అలా ఉండదు. తిన్న ఉప్పు, తాగిన నీరు, ఈ మందులతో తరచూ వచ్చే మలబద్ధకం కారణంగా రోజుకూ రోజుకూ మధ్య కిలో తేడా రావడం మామూలే.

చాలా మెషిన్లలో క్రితం తూకాన్ని గుర్తుపెట్టుకొని, కొత్త తూకం దానికి దగ్గరగా ఉంటే పాత అంకెనే మళ్లీ చూపే ఏర్పాటు ఉంటుంది. ఎన్నిసార్లు ఎక్కి దిగినా ఒకే అంకె వస్తే కొనేవారు మురిసిపోతారని తయారీదారుల లెక్క కాబోలు! ఈ మాట పెట్టె మీద లేదు, దుకాణదారు చెప్పలేదు. మౌంజారోలోని మందైన టిర్జెపటైడ్‌ను 2.5 మి.గ్రా.తో మొదలుపెట్టి 4 వారాల తరువాత 5కు మారుస్తారు; అటుపైన పెంచాలంటే బరువు ఎంత తగ్గింది, వికారం వంటి బాధలు ఎలా ఉన్నాయి అన్నది డాక్టరు చూస్తారు. యాప్‌లోని కదలని గీత చూసి మా డాక్టరు కూడా మోతాదు పెంచే మాట ఎత్తారు. అయితే క్లినిక్ మెషిన్‌పైనే తూచి, అక్కడి పాత నమోదుతో పోల్చాక, బరువు తగ్గుతూనే ఉందని తేలడంతో ఆ ఆలోచన మానుకున్నారు.

కొనేటప్పుడు దుకాణంలోనే చదునైన గట్టి నేల మీద మెషిన్ పెట్టించి, ఒకసారి ఎక్కి దిగి, వెంటనే 200 మి.లీ. నీళ్ల సీసా పట్టుకొని మళ్లీ ఎక్కండి. సుమారు 200 గ్రాములు పెరగకపోతే అది వద్దనండి. ఇప్పటికే కొన్నవారు బియ్యం సంచి ఎత్తుకొని ఒకసారి తూగి, ఆ తరువాత విడిగా ఎక్కి చూడండి. మా ఇంట్లో అసలు బరువు అలాగే బయటపడింది. కొవ్వు శాతం, కండ శాతం అంటూ అది చూపేవి పాదాల గుండా స్వల్ప విద్యుత్తు పంపి వేసే అంచనాలే కనుక, వాటి కోసం అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు.

పెట్టె విప్పాక వాపసు లేదని దుకాణదారు తేల్చేశాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయాలన్నా కొన్నట్టు రుజువు ఉంటే మేలు కనుక, చేతిరాత చీటీతో సరిపెట్టుకోక, మోడల్ పేరుతో జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోండి.