మిద్దె తోటకు సిటీ కంపోస్ట్: ఒక బెంగళూరు వినియోగదారు సమీక్ష

బెంగళూరులో ఎర్రమట్టి సులువుగానే దొరుకుతుంది గానీ, నీళ్ళు పోయగానే పైన పెచ్చు కట్టి, ఎండితే గట్టిపడిపోయే ఆ మట్టిలో సేంద్రియ పదార్థం చాలా తక్కువ. అందుకే మా పేటలోని ఒక నర్సరీలో అమ్మే సిటీ కంపోస్ట్ (నగరంలోని తడి చెత్తను మాగబెట్టి చేసే ఎరువు) సంచులు తెచ్చి, రెండు పాళ్ళ మట్టికి ఒక పాలు చొప్పున కలిపి, వేసవిలోనూ వానాకాలంలోనూ కుండీల్లో వాడాను. 25 కిలోల సంచి ధర, రవాణా గాక, 250 రూపాయలు.

ఎరువు నల్లగా, పొడిపొడిగా ఉంది. ఘాటైన కుళ్ళు వాసన లేదు కాబట్టి బాగా మాగిందని చెప్పవచ్చు. కుండీల్లో పెచ్చు కట్టడం తగ్గి, పోసిన నీరు అంచుల వెంట జారిపోకుండా మట్టిలోకి ఇంకుతోంది. గోంగూర, బచ్చలి ఏపుగా పెరిగాయి. టమాటా మాత్రం పూత దశలో పాలిపోయింది. కేంద్ర ప్రభుత్వపు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం సిటీ కంపోస్ట్‌లో ఉండవలసిన నత్రజని కనీసం 0.8 శాతమే కనుక ఇది నేలను బాగుచేసే సరుకే తప్ప, ఆకలిగొన్న పంటకు చాలినంత మేత కాదు.

అసలు లోపం జల్లెడ పట్టినప్పుడు బయటపడింది: గాజు ముక్కలు, పాల ప్యాకెట్ల చింపులు, ఒకచోట మందుబిళ్ళల రేకు కూడా. అదే ఉత్తర్వు ఈ ఎరువులో కనీసం 90 శాతం 4 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగాలని, విషలోహాలైతే కిలోకు సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు మించరాదని చెబుతోంది. పరీక్షా పత్రం చూపమని దుకాణదారును అడిగితే కొన్నాళ్ళకు చూపించారు. అందులోని అంకెలు పరిమితుల్లోనే ఉన్నాయి కానీ, బ్యాచ్ సంఖ్య నా సంచిమీది సంఖ్యతో కలవలేదు. తినే ఆకుకూరలకు వేసే ఎరువు విషయంలో ఈ అలసత్వాన్ని నేను చిన్నదిగా చూడలేను.

అయితే ఆ గాజు ముక్కను సంచిలోకి చేర్చినది నర్సరీవారు కాదు, మనలాంటి ఏదో ఒక ఇల్లు. నగరం చెత్తను తాము మోయలేమని, దాన్ని పారబోస్తూ వచ్చిన శివారు ఊళ్ళు మావళ్ళిపుర, మండూరు గ్రామస్థులు ఎదురుతిరిగిన తరువాతే ఇక్కడ తడి చెత్తను వేరుచేయాలన్న పట్టుదల పెరిగింది. 2012లో కర్ణాటక హైకోర్టు దానిని తప్పనిసరి చేసింది, 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు దేశమంతటికీ వర్తింపజేశాయి. అదే ఏడాది కేంద్రం సిటీ కంపోస్ట్ అమ్మకానికి టన్నుకు 1,500 రూపాయల సాయం ప్రకటించింది. అటువంటి సాయాన్ని అమ్మిన బరువుతోపాటు ఎరువు శుభ్రతకు కూడా ముడిపెట్టి ఉంటే జల్లెడ పని కొన్నవారి మీద పడేది కాదని నా అభిప్రాయం.

మా అపార్టుమెంటులోని తెలుగు కుటుంబాలు కొన్నేళ్ళుగా వినాయకచవితికి రంగులేని మట్టి విగ్రహాన్నే తెచ్చి, తొట్టెలో నిమజ్జనం చేసి, ఆ మట్టిని కుండీలకే పంచుకుంటున్నాయి; పత్రి, పూలు అక్కడి కంపోస్ట్ గుంతలోకి వెళ్తాయి. ఏరువాక పున్నమినాడు నాగలికీ నేలకూ మొక్కిన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం కనుక, ఈ అలవాటును పిల్లలకు కొత్తగా నేర్పవలసిన అవసరం రాలేదు. అలా శుభ్రంగా వేరుచేసిన చెత్తతో మేము చేసుకున్న ఎరువులో గాజు లేదు, కానీ అది మిద్దె మొత్తానికి చాలదు.

కాబట్టి ఈ సంచిని కొనవచ్చుననే చెబుతాను. బ్యాచ్ సంఖ్యకు సరిపోయే పరీక్షా పత్రం చూశాకే డబ్బు ఇవ్వండి, చేతితొడుగులు వేసుకుని జల్లించండి, టమాటా, వంగ కుండీలకైతే గుప్పెడు వేపపిండి కూడా కలపండి.