రుండాలే ప్యాలెస్: కూర్లాండ్ డచీ చరిత్ర కోసం వెళ్లేవాళ్లకు

రాజభవనంగా చూస్తే లాత్వియాలోని రుండాలేకి వంక పెట్టడానికేమీ లేదు. కూర్లాండ్ చరిత్ర చూద్దామని వెళితే మాత్రం అక్కడ దొరికేది చివరి భాగమే. కూర్లాండ్ డచీ, అంటే ఇప్పటి లాత్వియాలో ఒక భాగాన్ని డ్యూకులు ఏలిన సామంత రాజ్యం, 1561 నుంచి 1795 వరకు నడిచింది. అందులో 1737 దాకా పాలించింది కెట్లర్ వంశం. రుండాలే కట్టించిన ఎర్న్‌స్ట్ యోహాన్ బిరోన్ ఆ తర్వాత డ్యూకైనవాడు. కాబట్టి ముందు డ్యూకుల రాజధాని యెల్గవ, తర్వాత రుండాలే చూడండి. చాలామంది నేరుగా రుండాలే వెళ్లి, బంగారు గదుల ఫొటోలు తీసుకుని, ఈ డ్యూకు ఎవరికి సామంతుడో తెలియకుండానే తిరిగొస్తారు.

వెళ్లేముందు ఈ కొంచెం తెలిసుండాలి. ఈ ప్రాంతాన్ని ఏలిన జర్మన్ క్రైస్తవ యోధుల సంఘం లివోనియన్ ఆర్డర్‌కి చివరి మాస్టరు గొట్హార్డ్ కెట్లర్. రష్యా జారు నాలుగో ఇవాన్ దండయాత్రకి తట్టుకోలేక 1561 నవంబరు 28న విల్నాలో (ఇప్పటి విల్నియస్) పోలండ్ రాజుకి లొంగి, తన భూభాగంలో ఒక ముక్కని వంశపారంపర్య డచీగా దక్కించుకున్నాడు. గద్దెకెక్కే ప్రతి డ్యూకూ పోలండ్ రాజు చేత పట్టం కట్టించుకోవాలి. అసలు చిక్కు అక్కడ కాదు, కింద ఉంది: స్థానిక జర్మన్ భూస్వాములు డ్యూకుని దాటి నేరుగా రాజు దగ్గరికే ఫిర్యాదుకి వెళ్లేవాళ్లు. గొట్హార్డ్ కొడుకు విల్‌హెల్మ్ వాళ్లతో తలపడ్డాడు. 1615లో తన ప్రత్యర్థులైన నోల్డే సోదరులు హతమయ్యాక, మరుసటి ఏడే పదవి పోగొట్టుకున్నాడు. 1617లో రాజు పంపిన కమిషనర్లు రాసిన పాలనా నిబంధనలతో అధికారం భూస్వాముల నలుగురు పెద్ద సలహాదారుల వైపు మొగ్గింది. డచీ కథంతా ఈ ముడి చుట్టూనే తిరుగుతుంది.

ఇక యెల్గవ. జర్మన్ మ్యాపుల్లో, పాత పత్రాల్లో దీని పేరు మితావ్. డచీ రాజధాని ఇదే. రీగా నుంచి రైల్లో గంటలోపే. కోట లీలుపె నదికీ దాని పాయ ద్రిక్సకీ మధ్య దీవి మీద ఉంది, స్టేషన్ నుంచి నడవచ్చు. ఆర్డర్ కాలం నాటి పాత కోటని 1737లో పేల్చేసి, ఆ స్థలంలో వాస్తుశిల్పి రాస్ట్రెల్లి చేత కొత్తది కట్టించాడు బిరోన్. ఇప్పుడందులో లాత్వియా లైఫ్ సైన్సెస్ అండ్ టెక్నాలజీస్ విశ్వవిద్యాలయం (పాత పేరు వ్యవసాయ విశ్వవిద్యాలయం) నడుస్తోంది. పై అంతస్తుల్లో దర్బారు హాళ్లు ఉంటాయనుకుని వెళితే నిరాశే: 1919లో ఒకసారి, రెండో ప్రపంచయుద్ధంలో ఇంకోసారి లోపలంతా కాలిపోయింది.

చూడాల్సింది నేలమాళిగలోని డ్యూకుల సమాధి గది. దీన్ని నిర్వహించేదీ రుండాలే మ్యూజియమే. 1569 నుంచి 1791 దాకా పోయినవాళ్ల 21 లోహపు శవపేటికలు, 9 చెక్కవి ఇక్కడున్నాయి. చిన్నపిల్లల పేటికల దగ్గర కాస్త ఆగండి. అన్ని హంగులున్న రాజకుటుంబంలోనూ ఎంతమంది బిడ్డలు దక్కలేదో ఆ సైజులు చూస్తే అర్థమవుతుంది. చివరి డ్యూకు పేటెర్ బిరోన్ మాత్రం ఇక్కడ లేడు. 1795లో గద్దె దిగి వెళ్లి, 1800లో సిలేషియాలో చనిపోయాడు. సమాధి గది వేళలు కాలాన్ని బట్టి మారుతుంటాయి, రుండాలే తెరిచి ఉందంటే ఇదీ తెరిచే ఉంటుందని లెక్కేసుకోవద్దు. వెబ్‌సైట్ చూసుకుని బయల్దేరండి.

ఇక్కడ వెతుక్కోవాల్సిన పేరు యాకొబ్, పదవి పోయిన ఆ విల్‌హెల్మ్ కొడుకు. 1642లో డ్యూకయ్యాడు. వెంట్స్‌పిల్స్ రేవులో ఓడలు కట్టించాడు, ఇనుప కార్ఖానాలు పెట్టాడు. 1651లో ఆఫ్రికాలో గాంబియా నది మధ్యనున్న చిన్న దీవిలో కోట వేయించాడు. 1654లో కరీబియన్ దీవి టొబాగోకి సైనికులతో పాటు 80 కుటుంబాలని పంపాడు. టొబాగోలో గ్రేట్ కూర్లాండ్ బే అనే పేరు నేటికీ ఉంది. 1658లో స్వీడన్ సైన్యం డ్యూకునే పట్టుకుపోయి 1660 దాకా బందీగా ఉంచింది. ఆ గొడవల్లో టొబాగో హాలండ్ డచ్ వాళ్ల పాలైంది, గాంబియా 1661లో ఇంగ్లీషు వాళ్లకి పోయింది. సామంత డ్యూకుకి సొంతంగా పెద్ద సైన్యం లేదు, ఆదుకోవాల్సిన పోలండేమో అదే యుద్ధంలో మునిగి ఉంది. ఇంత కథ ఉన్న మనిషి రుండాలే గదుల్లో కనిపించడు. కట్టడం మొదలయ్యేనాటికి ఆయన పోయి యాభై ఏళ్లు దాటింది మరి.

రుండాలేకి రీగా నుంచి బస్సులో బౌస్కా, అక్కడ బస్సు మారి ఇంకో 12 కిలోమీటర్లు. ప్యాలెస్ ఉన్న ఊరు పిల్స్‌రుండాలే. అదే పేరుతో బస్సు వెతకండి. శని, ఆదివారాల్లో ఈ రెండో బస్సు దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు, తిరుగు బస్సు టైము ముందే రాసి పెట్టుకోండి. బౌస్కాలో దిగినప్పుడు వీలుంటే మూస, మేమెలె నదులు కలిసేచోటి కోట కూడా చూడొచ్చు. కెట్లర్లు నివసించిన భాగాన్ని చక్కగా పునరుద్ధరించారు.

టికెట్‌లో చిన్న రూటు, పెద్ద రూటు ఉంటాయి. పెద్దదే తీసుకోండి. చిన్నదాంట్లో దర్బారు గదులే. డ్యూకు, డచెస్ సొంత గదులు పెద్దదాంట్లోనే వస్తాయి. బయటి గోడలూ లోపలి అలంకరణా ఒకే కాలానివి కావని గుర్తుంచుకుని చూస్తే ప్యాలెస్ తన కథ విప్పి చెబుతుంది. 1736లో రాస్ట్రెల్లి మొదలుపెట్టాడు. 1740లో రష్యా మహారాణి అన్నా చనిపోగానే ఆమె అండతో డ్యూకైన బిరోన్‌ని అరెస్టు చేసి సైబీరియాకి పంపారు, పని ఆగిపోయింది. తిరిగొచ్చాక 1768 నాటికి ముగించారు. ఈలోగా ఫ్యాషనే మారిపోయింది. అందుకే బయట బరువైన బరోక్ శైలి, లోపల తేలికైన రొకోకో శైలి.

గోల్డెన్ హాల్లో అందరూ పైకప్పు బొమ్మ చూస్తారు. అది ఎర్న్‌స్ట్ యోహాన్ బిరోన్‌ని దేవుళ్ల వరసలో నిలబెట్టిన పొగడ్త. గచ్చు శిల్పి గ్రాఫ్ చేతి పని అసలు అందం వైట్ హాల్లో ఉంది. రంగు లేదు, బంగారం లేదు, ఉన్నదంతా తెల్లని ఉబ్బెత్తు పని. పైకప్పు నడుమ కొంగగూడు వెతకండి. ఉదయం కిటికీల వెలుగు పక్కనుంచి పడుతున్నప్పుడు వెళితే నీడల వల్ల గచ్చు లోతు తెలుస్తుంది. మబ్బు పట్టిన మధ్యాహ్నం అంతా చదునుగా కనిపిస్తుంది. ఫర్నిచర్ చాలావరకు తర్వాత సేకరించినదే. ఆ మాటకొస్తే ఈ భవనం ధాన్యం కొట్టుగా కూడా వాడబడింది. 1972లో మొదలైన పునరుద్ధరణ 2014 దాకా సాగింది. ఆ ఓపికకి చేతులెత్తి మొక్కాలి.

గదులకి రెండున్నర గంటలు, తోటకి ఇంకో గంటన్నర పెట్టుకోండి. గులాబీల కోసమే వెళ్లేవాళ్లు జూన్ చివర, జూలై చూసుకోవాలి.

యాకొబ్ పుట్టిన కుల్దీగని ఇదే రోజులో ఇరికించొద్దు. రీగా నుంచి అది వేరే దిక్కు, సుమారు 150 కిలోమీటర్లు. అక్కడి కోట ఎప్పుడో నేలమట్టమైంది. కానీ 2023లో యునెస్కో జాబితాకెక్కిన పాతపట్నం మాత్రం డచీ కాలం నాటి వీధులతోనే ఉంది, దానికి విడిగా ఒక రోజు కేటాయించండి.