ఉప్పునీటి ట్యాంకులో నాచు: కీటో పెంచాలా, జీఎఫ్‌ఓ వాడాలా?

రాళ్ల మీద పచ్చ నాచు జుట్టులా పెరుగుతోందంటే సాధారణంగా నీళ్లలో నైట్రేట్, ఫాస్ఫేట్ అనే పోషకాలు మిగిలిపోతున్నట్టే. వాటిని తగ్గించే దారులు రెండు: కీటో (కీటోమార్ఫా అనే మరో రకం నాచు) పెంచడం, జీఎఫ్‌ఓ (ఐరన్ ఆక్సైడ్ గుళికలు) వాడడం.

ఖర్చు: కీటోకు మొదట్లో సంప్ (ప్రధాన ట్యాంకుకు కలిపిన రెండో తొట్టి), లైటు, తర్వాత కరెంటు బిల్లే. జీఎఫ్‌ఓ గుళికలను పని తగ్గినప్పుడల్లా మార్చాలి.

పని: కీటోను అప్పుడప్పుడు కొంత తీసి పారేయాలి. అది పీల్చిన పోషకాలు అలాగే బయటికి పోతాయి, కాబట్టి బద్ధకించకండి. జీఎఫ్‌ఓను కడిగి రియాక్టర్‌లో, అంటే నీళ్లు గుళికల గుండా పారే గొట్టంలో, నింపాలి.

ఫలితం: కీటో నైట్రేట్, ఫాస్ఫేట్ రెండింటినీ నెమ్మదిగా పీలుస్తుంది. జీఎఫ్‌ఓ ఫాస్ఫేట్‌నే, కానీ వేగంగా.

రిస్క్: జీఎఫ్‌ఓ ఎక్కువేస్తే ఫాస్ఫేట్ ఒక్కసారిగా పడిపోయి పగడాలు దెబ్బతింటాయి. సున్నాకు చేరితే డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు కమ్ముకోవచ్చు. వాటిని వదిలించడం ఇంకా టెన్షన్.

సంప్ ఉంటే నా ఓటు కీటోకే. దానికి రాత్రిపూట లైటు వేస్తే పీహెచ్ కూడా నిలకడగా ఉంటుంది. చోటు లేని చిన్న ట్యాంకుకో, ఫాస్ఫేట్ ఒక్కటే పెరిగినప్పుడో జీఎఫ్‌ఓ వాడండి, అదీ టెస్ట్ చేసుకుంటూ కొద్దికొద్దిగా.